వెన్నుల వైరు పెట్టిన వారం

భయపడ్డనని చెప్పుకునుడు మా బొగ్గు బాయి పనోళ్లకు రాదు. నాకైతే అస్సలే రాదు. అయినా ఉన్నదున్నట్టు చెప్తున్న: హైద్రాబాద్ డాక్టరు సారు నా వెన్నుల వైరు పెడతనన్న దినం నాకు కాళ్లు చేతులు సల్లబడ్డయి.

నేను ఇరవై ఏండ్లు భూమి కింద పైకప్పుకు కర్రలు నిలబెట్టే పని చేసిన. ఆ పనిల మొట్టమొదలు నేర్పేది కొట్టి సూసుడు. ఇనుప రాడుతోని పైకప్పును కొడితే ఖంగుమని మోగిందా, గట్టిగున్నట్టు. డొల్లగ మోగిందా, పక్కకు ఉరుకాలె. ఆరేండ్ల కింద ఒక పొద్దున షిఫ్టుల నేనే కొట్టి సూసిన. ఖంగుమన్నది. మంచిగుందనుకొని వంగి కర్ర సదురుతున్న, బండ పెళ్ల వచ్చి నడుం మీద పడ్డది. ఇందుల ఎవ్వల తప్పు లేదు. నేనే కొట్టిన, నేనే ఇన్న, నేనే నమ్మిన.

రెండు ఆపరేషన్లయినయి. బాయి దిగుడు బందయి భూమి పైన సర్ఫేస్ డ్యూటీ ఇచ్చిండ్రు. నొప్పి మాత్రం నడుం నుంచి ఎడమ కాలు బొటనవేలి దాక గుంజుతనే ఉన్నది. కూసుంటే నొప్పి, నిలబడితే నొప్పి, తుమ్మితే సచ్చినంత పనయితది. గోలీలు మింగి మింగి కడుపు మండుడు అదొకటి.

"సన్నటి వైర్లు వెన్ను లోపలికి, నరాల పక్కకు పంపుతం," అన్నడు సారు. "నడుం కింద చర్మం లోపల చిన్న బ్యాటరీ పెడతం. దాని కరెంటు నొప్పిని మెదడు దాక పోనియ్యదు. ముందుగాల వారం రోజులు బ్యాటరీ బయటనే పెట్టి చూద్దాం. నొప్పి సగమన్నా తగ్గితెనే లోపల పెడతం. తగ్గకపోతే వైరు గుంజేస్తం, అంతే."

అంతేనట! ఆయనకేంది, వెన్ను ఆయనది గాదు గద.

"కాళ్లు పడిపోతే ఎట్ల సారు?" అనడిగిన.

"అట్లయ్యేది చాలా తక్కువ."

తక్కువంటే ఉన్నట్టే గద! మా ఇంటామె మాత్రం, "ఒక్క వారం సూద్దామయ్యా, పోయేదేమున్నది?" అన్నది. పోతే నా కాళ్లు పోతయి, ఇంకేం పోతది.

మా ఊరు ఖనికొచ్చినంక చౌరస్త కాడ సెల్‌ఫోన్లు బాగుచేసే భాయ్ దగ్గరికి పోయిన. ఇద్దరం ఒక్క బడిల చదువుకున్నం. "బ్యాటరీ ఒంట్లె పెడితే ఉబ్బుతదా భాయ్?" అనడిగిన.

"ఫోన్‌దయితే ఉబ్బుతది అన్నా. నీ దాని సంగతి ఆ పైవాడికే ఎరుక. ఫికర్ చెయ్యకు, ఉబ్బితే నా దగ్గరికి తీస్కరా, సూద్దాం," అని పడిపడి నవ్విండు. నేను గుడ నవ్విన. ఆ పూట నాకు బుక్క లోపలికి పోలేదు.

నెల తిరిగేసరికి ఒప్పుకున్న. ధైర్యమొచ్చి గాదు, గోలీలు పనిచేసుడు బందయింది. బోర్ల పండబెట్టి, మత్తు నడుం కాడికే ఇచ్చి, సూది దించి వైరు పంపిండ్రు. నాకు సోయి ఉన్నది, అన్నీ ఇనవడుతున్నయి. వైరుల కరెంటు వదిలి, "ఎక్కడ జుమ్మంటున్నదో చెప్పు," అంటడు సారు. "పిక్కల సారు," అంట నేను. పండ్లు బిగవట్టి మంచం అంచు పట్టుకున్న. నాకు తెలిసిన దేవుండ్లందరినీ యాదిచేసుకున్న, తెలియనోళ్లను గుడ. అయినంక నడుముకు బెల్టు కట్టి, బ్యాటరీ డబ్బ పెట్టి, ఆ బెల్టులనే రిమోట్ దోపిండ్రు. వంగొద్దు, మెలిక తిరుగొద్దు, బరువెత్తొద్దని చెప్పి ఇంటికి తోలిండ్రు.

రెండో దినం పొద్దున లేస్తే నొప్పి లేదు. సగం గాదు, మొత్తానికే లేదు. కాలు ఇటు జాపిన, అటు జాపిన. లేదు.

బుద్ధున్నోడు ఎవడన్నా సంబురపడతడు. నాకు చెమటలు పట్టినయి. ఆరేండ్ల కింద గిట్లనే మంచిగున్నదనుకున్న గద! లోపల ఏమన్నా పగుల్తుంటే నాకు చెప్పేది ఆ నొప్పొక్కటే. దాని నోరు మూసినంక ఇగ నాకెవరు చెప్తరు? అంగీ కింద చెయ్యి పెట్టి రిమోట్‌తోని కరెంటు బంద్ చేసిన. జరసేపటికి నొప్పి వచ్చింది. హమ్మయ్య, ఉన్నది అనుకొని మల్ల ఆన్ చేసిన.

అదొక అలవాటయింది. మొదలు పొద్దుకొకసారి, మాపుకొకసారి. పగటిపూట దగ్గరి ఓపెన్‌కాస్టు గనిల బ్లాస్టింగు పెడితే మా క్వార్టరు కిటికీలు గలగలమంటయి. గప్పుడు గోడ పట్టుకొని నిలబడేది, వైరు కదిలిందేమోనని మల్ల బంద్ చేసి సూసేది. ఐదో దినానికి గంటగంటకు. నొప్పి వస్తే నిమ్మళం, పోతే గుండెదడ. ఇసొంటి పిచ్చోడు ఇంకోడుంటడా!

"నడుం మీద చెయ్యేందయ్యా మాటిమాటికి?" అన్నది మా ఇంటామె.

"దురద," అన్న.

ఏడో దినం దవాఖానల సారు అడిగిండు, "ఎంత తగ్గింది?"

"ఏం తగ్గలేదు సారు."

నోట్లెకెంచి అట్లనే వచ్చింది. పక్కనున్న మా ఇంటామె నోరు తెరిచింది, నేను కండ్లెర్రజేసిన. సారు కాయితంల రాసుకొని, "అయితే ఇది మీకు పనికిరానట్టే," అని వైరు గుంజేసిండు. రెండు నిమిషాల పని. బతికిపోయిన అనుకున్న. నిజంగనే సంబురమైంది.

ఖనికి మర్లొస్తుంటే కారు సిద్దిపేట దాటకముందే నొప్పి వచ్చింది. ఆరేండ్లు మోసిన నొప్పే. కాని వారం దినాలు దించి మల్ల ఎత్తుకునేసరికి ఓర్సుడు నాతోని కాలేదు. ఎనుక సీట్ల పండుకొని మోకాళ్లు కడుపుల పెట్టుకున్న. ఇగ సచ్చేదాక ఇంతేనా అన్న భయం పట్టుకున్నది. వైరు భయం దాని ముందట ఎంత!

ఆమె నా తల ఒళ్లె పెట్టుకున్నది. అప్పుడన్నది: "మొన్న బువ్వ తిని పండుకున్నవు సూడు, గంటన్నర సేపు మూలుగలేదు. ఇన్నేండ్లల్ల అదే మొదలు. నీకు దిష్టి తగుల్తదని చెప్పలె. దవాఖానలనన్నా నేను చెప్పేదుండె."

అని ఏడ్సింది. నాకు సిగ్గనిపించింది. పండుకొనే ఫోన్ తీసిన, సారుకు చేసిన.

"సారు, అబద్ధమాడిన. తగ్గింది."

"ఎంత?"

"మొత్తం సారు."

"మరెందుకట్ల చెప్పినవయ్యా?"

"భయమైంది సారు."

సారు తిట్టలె. మెల్లగనే అన్నడు, వైరు తీసేసినం గాబట్టి మల్ల మొదటికెంచి రావాల్సిందేనట. మల్ల బోర్ల పండుడు, మల్ల ఆ సూది, మల్ల ఆ వైరు, మల్ల వారం రోజులు.

"ఎప్పుడు రావాలె సారు?" అన్న. అంటుంటెనే నా చెయ్యి అలవాటుకొద్ది నడుం కాడికి పోయింది, రిమోట్ లేదు. ఆమె ఆ చెయ్యిని రెండు చేతులతోని ఒత్తిపట్టుకున్నది.