తుమ్మి చెట్టు పాఠం

మా అంగన్‌వాడీల ఇయ్యాల చెట్ల పాఠం. గోడ మీది చార్టుల యాపిల్, గులాబీ ఉన్నయి గని, మా ఖానాపూర్ దిక్కు మొలిచేటియి పిల్లలకు చూపెడ్దామని నా ఆశ. వానలకు ప్రహరీ పొంటి తుమ్మి, ఉత్తరేణి, గునుగు మోకాలెత్తు లేచినయి. చవితికి వండుకునే తుమ్మికూర, మా అవ్వ పండ్లు తోముకున్న ఉత్తరేణి పుల్ల, బతుకమ్మల పేర్చే గునుగు పువ్వు. ఒక్కొక్కటి ముట్టిచ్చి, వాసన చూపిచ్చి చెప్పాలె అనుకున్న.

పొద్దుగాల పోయి చూస్తే గోడ పొంటి అంత మాడిపోయి ఉన్నది.

మా ఆయమ్మ రాజవ్వ నవ్వుకుంట ఎదురొచ్చింది. "పిల్లలను బయటికి తోల్కపోతనంటిరి గదా టీచర్. పురుగో పామో ఉంటదని నిన్న మా ఇంటాయనతోని గడ్డిమందు కొట్టిచ్చిన."

"గా చెట్లు చూపెడ్దామనే గద రాజవ్వా."

ఆమె గోడ దిక్కు చూసింది. "గక్కడ చెట్లేడున్నయి టీచర్? అంత గడ్డేనాయె."

ఆమె పిల్లల మీది పాయిరంతోనే కొట్టిచ్చింది. ఊర్లె పత్తి చేన్లల్ల అందరు కొట్టేది గదే మందు.

గింతల్నే మూడేండ్ల శ్రీజ ఉరికిపోయి, వాడిన తుమ్మి కొమ్మ తెంపుకొచ్చి "గిదేంది టీచర్?" అన్నది. గుంజి పారేసి, చేతులు సబ్బుతోని రెండుసార్లు కడిగిన.

"ముట్టద్దు బిడ్డా, విషం" అన్న.

మీ ఇండ్ల పొంటి తుమ్మి ఇంక మొలుస్తుంటే జర చెప్పుండ్రి. మా పిల్లలకైతే అది విషమని నేనే నేర్పిన.