మామ కొనని పిస్తోలు

నిన్న సాయంత్రం ధర్మవరంలో మా మామ ఇంటి వసారాలో కూర్చుని ఉండగా పోలీస్ స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. ఎన్నికలు దగ్గరపడ్డాయి కాబట్టి లైసెన్సున్న ఆయుధాలన్నీ తెచ్చి స్టేషన్లో జమ చేయాలట. మామకు చెవులు సరిగా వినపడవు. అందుకని ఫోన్ ఆయన తమ్ముడు, అంటే మా చిన్నమామ, అందుకున్నాడు. "మా అన్నకు పిస్తోలు యాడిదప్పా! ఉత్త తోలు సంచి ఉండాది. దాంట్లో వక్కలు పెట్టుకుంటాడు. కావాలంటే వచ్చి అదే జమ చేసుకోపోండి" అని పెద్దగా నవ్వి పెట్టేశాడు. ప్రతి ఎన్నికలకూ ఇదే వరస. మామ లైసెన్సుకు ఎప్పుడో గడువు తీరిపోయింది గానీ ఆయన పేరు మాత్రం స్టేషన్‌ను వదలడం లేదు. ఎమ్మెల్యేలు మారారు, ఎస్సైలు మారారు, మా మామ మాత్రం వాళ్ల దృష్టిలో ఇంకా ఆయుధం ఉన్న మనిషే. నేనూ నవ్వాను. నవ్వి, గోడ మేకుకు వేలాడుతున్న ఆ సంచి వైపు చూసేసరికి మా అత్త గుర్తొచ్చింది.

మామది పట్టుచీరల వ్యాపారం. మగ్గం మీంచి దిగిన చీరలను మూటగట్టి, మోటార్ సైకిల్ వెనక కట్టుకుని అనంతపురం, గుత్తి కొట్లకు వేసి వచ్చేవాడు. ఒకసారి గార్లదిన్నె దాటాక ఎవరో దారి కాసి మూట లాక్కున్నారు. పోతూ పోతూ చెంప మీద ఒకటి ఇచ్చి మరీ పోయారు. చీరలు పోయినందుకు మామ అంత బాధపడలేదు. ఆ చెంపదెబ్బ మాత్రం ఆయనకు అరగలేదు. ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగి పిస్తోలు లైసెన్సు సంపాదించాడు. కొత్తది కొనే తాహతు లేదు, పాతదే చూడాలి. అది దొరికేలోపే నడుముకు కట్టుకునే తోలు సంచి మాత్రం కొనేశాడు. అందులో ఏమీ లేకుండానే దాన్ని కట్టుకుని వీధంతా తిరిగి వచ్చాడు. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని మా అత్త నెత్తి కొట్టుకుంది.

మా మామ మనసు వెన్న. కోపం మాత్రం పాలపొంగు. ఆ పొంగులో చేతికేది దొరికితే అది విసిరేవాడు. ఆ ఇంట్లో సొట్ట లేని చెంబు ఒక్కటి లేదంటే నమ్మండి. ఆ రోజుల్లో ఆ కోపమంతా చిన్నమామ మీదే ఉండేది. అన్నదమ్ములిద్దరి మగ్గాలూ ఒకే కొట్టంలో ఉండేవి. చిన్నమామ ఒక మాటైనా చెప్పకుండా కొట్టం నడుమ గోడ లేపేశాడు. కిటికీ అటువైపు పోయింది. మామ మగ్గం గుంతలో పట్టపగలే చీకటి. నేసేవాడికి వెలుతురు తీసేయడమంటే కంచంలో కూడు తీసేయడమే. "వాడు నా తమ్ముడే కాదు. ఎదురుపడనీ, ఆ పొద్దు ఉండాది వానికి!" అని మామ రోజుకు నాలుగుసార్లు గోడకు వినపడేలా అరిచేవాడు. అవతలివైపు నుంచి చిన్నమామ కూడా ఏమీ తక్కువ తినలేదు.

అప్పటికి నేను టీచరుగా అక్కడే పనిచేస్తూ మామ ఇంట్లోనే ఉండేదాన్ని. ఒకరోజు అలసందలు ఒలుస్తూ అత్త నాతో మెల్లగా అంది. "దొంగల భయం నాకు లేదు పాపా. దొంగలు ఎప్పుడో ఒకపొద్దు వస్తారు, పోతారు. గోడకు ఆ పక్క మనిషి పొద్దస్తమానం ఆడే ఉంటాడు. ఈయప్ప చేతికి చెంబు దొరికితే చెంబు విసురుతాడు. పిస్తోలు దొరికితే?" వద్దని చెప్పవచ్చు కదా అన్నాను. "వద్దంటే రేపే తెస్తాడు. నీకు తెలీదా మీ మామ సంగతి?" అంది. మామ దగ్గరికి పోయి మాత్రం, "సరే, కొనుక్కో. నేనూ వచ్చి చూస్తా" అంది. మామ సంబరం చూడాలి!

శింగనమల వైపు ఒక పల్లెలో ఒక పెద్దాయన తన పిస్తోలు అమ్ముతున్నాడని తెలిసింది. ఒక ఆదివారం పొద్దున్నే కారు మాట్లాడుకుని బయలుదేరాం. మామ, అత్త, నేను, మాతోపాటు చాచా. చాచా మామకు చిన్ననాటి స్నేహితుడు, పోలీసు ఆయుధాల గదిలో పనిచేసి రిటైరైన మనిషి. దారి పొడుగునా ఆయన పిస్తోళ్ల గురించి చెబుతూనే ఉన్నాడు, మామ పెళ్లిచూపులకు పోతున్నవాడిలా మీసం దువ్వుకుంటూనే ఉన్నాడు. సంచి నడుముకు కట్టే ఉంది.

పెద్దాయన అరుగు మీద చాప పరిచి, మెత్తటి పంచె ముక్కలో చుట్టిన పిస్తోలును తెచ్చి పెట్టాడు. మామ చెయ్యి చాపబోతే చాచా ఆపాడు. "ఉండప్పా. ఖాళీగా ఉండాదని ఎవురు చెప్పినా నమ్మగూడదు. మన కండ్లతో చూడల్ల" అని తూటాల పెట్టె లాగి పక్కన పెట్టి, గొట్టంలో ఇంకో తూటా మిగల్లేదని ఒకటికి రెండుసార్లు చూసుకుని అప్పుడు ఇచ్చాడు. మామ దాన్ని పట్టుచీరను చూసినట్టే చూశాడు. వేళ్ల మధ్య రాసి చూశాడు, వాసన చూశాడు, తిరగేసి అడుగు చూశాడు. "ఇంత మెరుపేంది? పాత చీరకు పాలిష్ కొట్టి అమ్మినట్ల లేదా?" అన్నాడు అనుమానంగా. చాచా నవ్వాడు. "రంగేసిన మెరుపు కాదులే, తుడుచుకున్న మెరుపు. మరమేకుల తలకాయలు చూడు, ఎవురూ గెలకలే" అన్నాడు. తర్వాత దాని మీద చెక్కిన నంబరును కాయితాల్లోని నంబరుతో పోల్చాడు. గొట్టం చివర తెల్లకాయితం ముక్క అడ్డం పెట్టి వెనకనుంచి చూడమన్నాడు. లోపల మెలితిరిగిన గీతలు చెక్కు చెదరకుండా మెరుస్తున్నాయి. "జరీ మాదిరి ఉండాదే!" అని మామ మురిసిపోయాడు. ఆఖరికి చాచా నా సంచిలోంచి పెన్సిలు అడిగి తీసుకుని, ఖాళీ గొట్టంలో జారవిడిచి, పిస్తోలును ఆకాశానికి ఎత్తి మీట నొక్కాడు. పెన్సిలు ఎగిరి అరుగు కింద కోళ్ల మధ్య పడింది. కోళ్లు చెల్లాచెదురు, మామ చప్పట్లు. "లోపల తూటాను పేల్చే సూది గట్టిగా కొడతాండాది. మంచి సరుకు, కండ్లు మూసుకుని తీసుకో" అని చాచా తేల్చేశాడు.

మా అత్తది బెళుగుప్ప పక్క సేద్యం ఇల్లు. వాళ్లలో ఒక అలవాటుంది. ఎద్దును కొనబోతే మగవాళ్లు పళ్లూ సుళ్లూ చూస్తుంటే ఆడవాళ్లు మంచినీళ్ల నెపంతో లోపలికి పోతారు. ఎద్దు ఎట్లాంటిదో అమ్మేవాడు చెబుతాడు, ఎందుకు అమ్ముతున్నాడో ఇంట్లో ఆవిడ చెబుతుంది. అత్త నన్ను వెంటబెట్టుకుని లోపలికి పోయి, చెంబెడు నీళ్లు తాగి, "ఎందుకమ్ముతాండారక్కా?" అని సూటిగా అడిగింది. ఆ ఇల్లాలు మమ్మల్ని నడిమింటి వాకిలి దగ్గరికి తీసుకుపోయి ద్వారబంధం చూపించింది. మనిషి తల ఎత్తున ఒక చిల్లి. లక్కతో పూడ్చి, పైన పసుపు రాశారు. "మా మరిది ఈడ నిలబడిండె" అంది. "చేనుగట్టు మీద మాటామాటా పెరిగె. తల ఇంత పక్కకు తిప్పినాడు కాబట్టి బతికినాడు." కొంగుతో మూతి మూసుకుంది.

అత్త వాకిట్లోకి వచ్చి, "ఏమప్పా, ఇట్ల వచ్చి మంచినీళ్లు తాగిపో" అని మామను పిలిచింది. మామ ఒక చేత్తో పిస్తోలు పట్టుకునే వచ్చాడు. అత్త ఆ చిల్లి మీద వేలు పెట్టి నిలబడింది. మామకు అర్థం కాక వెనక్కి తిరిగి చూశాడు. పెద్దాయన గడపవతలే ఆగిపోయి ఉన్నాడు.

"దాంట్లో దోషమేమీ లేదన్నా," అన్నాడాయన, నేల చూస్తూ. "శానా బాగా పనిచేస్తాది. ఆ పొద్దు పనిచేయకుండా ఉండింటే మా తమ్ముడు ఈ పొద్దు నాతో మాట్లాడతాండె. మా నాయన పోయినప్పుడు గూడా వాడు ఆ పక్క, నేను ఈ పక్క నిలబడితిమి."

మామ పిస్తోలును పంచె గుడ్డలో తనే చుట్టి, పసిబిడ్డను దించినట్టు చాప మీద దించి, నడుము సంచి విప్పి చేతిలో పట్టుకుని పోయి కారులో కూర్చున్నాడు. ఇంత పరీక్ష చేసి మంచి సరుకని తేల్చాక కొనకపోవడమేమిటో అర్థంకాక చాచా దారంతా తిట్టాడు. మామ సంచిని ఒళ్లో పెట్టుకుని కారు కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చున్నాడు. ఇల్లు చేరేటప్పుడు మాత్రం అత్తతో, "వాడు గోడ కట్టేముందు నన్ను అడిగింటే నేనే కిటికీ ఇస్తాంటి" అన్నాడు. "ఆ మాటే వానితో చెప్పు" అంది అత్త.

వెంటనే చెప్పాడనుకునేరు! మా వాళ్లకు అంత తొందరేమీ ఉండదు. ఇంకా ఎన్నో చెంబులు సొట్టలు పడ్డాయి. చివరికి వాళ్లమ్మ, అంటే మా అవ్వ, పోయినప్పుడు అన్నదమ్ములిద్దరూ ఒకే చాప మీద కూర్చుని ఏడ్చారు. తర్వాత ఆ గోడలో ఒక కిటికీ వచ్చింది, ఆ కిటికీయే తలుపయింది. మామ మోటార్ సైకిల్ మానేసి, చీరలను ఎరువుల సంచుల్లో దాచి ఆర్టీసీ బస్సులో పోవడం మొదలుపెట్టాడు. ఒకసారి ఆ చీరల సంచి కూడా ఎవరో కొట్టేశారు. ఇంటికొచ్చి రెండు సంగటి ముద్దలు తిని హాయిగా పడుకున్నాడు.

అత్త పోయాక మామ ఇంట్లో దీపం పెట్టేవాళ్లు లేరు. చిన్నమామే పొద్దు వాలగానే ఆ తలుపులోంచి వచ్చి లైటు వేసి, అన్నకు అన్నం పెట్టి, చెవిలో అరిచి అరిచి ఊరి కబుర్లు చెప్పి పోతాడు. ఆ రోజు ఆ పెద్దాయన ఇంట్లో ఏం జరిగిందో ఆయనకు ఈనాటికీ తెలియదు.

నిన్న ఫోన్ పెట్టేశాక చిన్నమామ సంచి అందుకుని, అందులో చెయ్యిపెట్టి వక్క తీసుకుంటూ అడిగాడు: "అవునన్నా, అప్పుడు కారేసుకుని పోయి చూసొస్తిరి గదా, ఎందుకు కొనలే?"

మామకు ఆ ప్రశ్న మాత్రం ఎట్లా వినపడిందో! తమ్ముడి ముఖం వైపు కాసేపు చూశాడు. "శానా బాగా పనిచేస్తాండెరా," అన్నాడు. "అందుకే."

"మా అన్నకు మతి గూడా పోతాండాది పాపా" అని చిన్నమామ నాకు చెప్పి, వక్క నోట్లో వేసుకుని, పగలబడి నవ్వాడు. మామ కూడా నవ్వాడు. కాలం మా మామ దగ్గర చెవులు తీసుకుంది, మా అత్తను తీసుకుంది. పక్కన నవ్వే తమ్ముణ్ని మాత్రం మా అత్త ఏనాడో కాలం కంటపడకుండా దాచి పెట్టిపోయింది.