మిరపకట్టె మంట

పోయిన నెల మంగళగిరిలో కొత్తగా తెరిచిన కాఫీ హోటలుకి మనవరాలు నన్ను తీసుకెళ్లింది. కాఫీ ముదురు నీలం రంగు మట్టికప్పులో వచ్చింది. ఎవరైనా ముందు ఒక గుక్క తాగుతారు. నేను కప్పు పైకెత్తి అడుగు చూశాను. నిండు కప్పుని వంచితే ఏమవుతుందో అదే అయింది. "అయ్యో తాతయ్యా, ఏం వెతుకుతున్నావ్?" అంటూ మనవరాలు నా చొక్కా తుడిచింది. "చేసినవాళ్ల పనితనం కప్పు అడుగున తెలుస్తుందమ్మా. మీ నాన్న మేనత్త నేర్పిన అలవాటు" అన్నాను. కుమ్మరి చక్రం మీంచి వణికిన చేత్తో కోసిన అడుగు వణుకుతూనే ఉంటుంది. ఆ కప్పు అడుగు మాత్రం శుభ్రంగా ఉంది. ఎవరో శ్రద్ధగా చేశారు.

ఆ మేనత్త నా చెల్లెలు. ఎనభైల మొదట్లో బరోడాలో సిరామిక్స్ చదువుకుని, పొదిలి దగ్గర మా ఊరికి వచ్చింది. నాన్న బడిపంతులు, మా చర్చిలో సంఘపెద్ద. కూతురి చదువేమిటని అడిగినవాళ్లకి ఎలా చెప్పాలో తెలియక "మట్టికి సంబంధించిన చదువు" అనేవారు. దాంతో రైతులు తమ చేలో నల్లమట్టి పొట్లాలు కట్టి తెచ్చి, ఈ ఏడు పత్తి వెయ్యమంటావా వద్దా అని చెల్లెల్ని అడగడం మొదలుపెట్టారు. అది ప్రతి పొట్లమూ విప్పి, తడిపి, వేళ్ల మధ్య నలిపి చూసేది. "పత్తి సంగతి నాకు తెలీదు పెదనాన్నా. కప్పు మాత్రం రాదు, పగిలిపోద్ది" అనేది. వాళ్లు దాన్నే సలహాగా తీసుకుని వెళ్లేవారు.

బాబాయికి ఊరి చివర పొగాకుని సెగ పెట్టి ఆరబెట్టే బ్యారన్ ఒకటి ఉండేది. ఆయన పొగాకు మానేసి మిరప, పత్తి వేశాక అది ఖాళీగా పడి ఉంది. చెల్లెలు అందులో చక్రం పెట్టుకుని, పక్కన తన చేత్తోనే ఇటుకలతో పాత్రలు కాల్చే పెద్ద కొలిమి కట్టుకుంది. ఊళ్లో అందరికీ తెలిసినవి ఊరగాయ జాడీలే కాబట్టి, పిన్ని మొదటిరోజే "నాకు రెండు జాడీలు చెయ్యవే, మూతలు బిగుతుగా ఉండాలి" అని పురమాయించింది. కానీ రెండుసార్లు కాల్చినా సెగ చాలలేదు. పాత్రల మీద పూసిన పూత కరిగి గాజులా మెరవాల్సింది, సున్నం కొట్టినట్టు తెల్లగా, గరుకుగా ఉండిపోయింది. నాన్న కోప్పడలేదు. "ఈసారీ కాకపోతే బీఈడీలో చేరు తల్లీ" అన్నారంతే. అది తల వంచుకుని "సరే నాన్నా" అంది. హైదరాబాదులో ఒక ప్రదర్శనకి దాని పాత్రలు అడిగారు. ఆ పాత్రలూ, దాని బతుకూ ఆ మూడో కాల్పు మీదే ఆధారపడ్డాయి.

కట్టెల బాధ్యత నాది. పద్ధతి లేకపోతే నాకు తోచదు కనుక, తుమ్మకట్టెల్ని లావుని బట్టి వరసలుగా పేర్చి, ఏ వరస ఎప్పుడు వెయ్యాలో డైరీలో రాసి పెట్టుకున్నాను. నా ఏర్పాటులో లోపం లేదు, కట్టెలే పచ్చివి. తెల్లవారకముందే మంట మొదలుపెడితే, మధ్యాహ్నానికి వరసలన్నీ అయిపోయాయి. కొలిమి లోపల చిన్న మట్టికొమ్ములు నిలబెడతారు. సెగ చాలినప్పుడు అవి మెత్తబడి తలవంచుతాయి. చెల్లెలు గోడలోని కన్నం దగ్గర కన్ను పెట్టి, "నిటారుగానే ఉన్నాయన్నయ్యా" అంది. ఆ గొంతు విని బాబాయి ఎద్దుల బండి తోలుకుని చేలోకి వెళ్లాడు. గట్టున పీకి పడేసిన మిరపకట్టె, పత్తికట్టె బండి నిండా వేసుకొచ్చి కొలిమి నోటి ముందు దింపాడు.

మిరపకట్టెకి అంటుకున్న తాలుకాయలు రాలేదాకా ఇళ్ల దగ్గర దాన్ని కాల్చకూడదని మా వైపు పసిపిల్లలకి కూడా తెలుసు. ఆ తొందరలో ఎవరికీ గుర్తు రాలేదు. ఎండుకట్టె బుగ్గున అంటుకుంది, మంట కొలిమి పొడుగునా నాలుక చాపింది. ఆ వెనకే ఘాటు లేచింది. ఊరంతా పొలమారింది. పిన్ని కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని పరుగెత్తుకొచ్చి, "ఏమ్మాయ్, ఊరందరి దిష్టీ ఒక్క దెబ్బకే తీసేస్తున్నావా?" అని అరిచింది. చర్చిలో స్త్రీల కూటం జరుగుతోంది. అది చెదిరిపోయి, పాస్టరు అయ్యగారు కళ్లు తుడుచుకుంటూ మా దగ్గరికి వచ్చారు. "ప్రసంగం మధ్యలో అందరూ కన్నీళ్లు పెట్టుకున్నారమ్మా. ఇన్నాళ్లకి నా మాట గుండెల్ని తాకిందనుకున్నాను" అన్నారు. చెల్లెలు దగ్గుతూనే నవ్వింది. "ఆపెయ్యమంటారా అయ్యగారూ?" అంది. ఆయన కన్నంలోంచి లోపలికి తొంగి చూశారు. "ఇంత దూరం వచ్చాక ఆపుతారా? వెయ్యి బాబూ" అని నాకు తనే ఒక మోపు అందించారు. ఆ సాయంత్రం కొమ్ములు తలవంచాయి. ఆ రోజు నా డైరీలో "దగ్గు" అన్న ఒక్క మాటే ఉంది.

చల్లారేదాకా కొలిమి తెరవకూడదు. చెల్లెలు అన్నం కూడా అక్కడికే తెప్పించుకుని కూర్చుంది. చివరికి ఇటుకలు తీసి మొదటి జాడీ బయటికి తెచ్చింది. పూత తేటగా కరిగి మెరుస్తోంది. మంటతో పాటు ఎగిరిన మిరప, పత్తి బూడిద జాడీ భుజాల మీద వాలి, అక్కడే కరిగి, లేత ఆకుపచ్చ చారలుగా జారింది. అలా గీయాలని ఎవరు కూర్చున్నా గీయలేరు. చెల్లెలు ముందు జాడీని తిరగేసి అడుగు చూసుకుంది. తర్వాత నాన్న చేతిలో పెట్టింది.

నాన్న ఆ ఆదివారం ఆ జాడీని సంకన పెట్టుకుని నడుస్తూ చర్చికి తీసుకెళ్లి, బంతిపూలు నింపి వేదిక పక్కన పెట్టారు. ఆరాధన అయ్యాక గుమ్మంలో నిలబడ్డారు. "ఎక్కడ కొన్నారు మాస్టారూ?" అని ఎవరైనా అడిగితే, "కొనలేదు. మా అమ్మాయి చేసింది" అన్నారు. అడగనివాళ్లని ఆపి మరీ చెప్పారు. బీఈడీ మాట మా ఇంట్లో మళ్లీ వినపడలేదు. హైదరాబాదు ప్రదర్శనకి బాబాయి కూడా వెళ్లాడు. ఆ చారలేమిటని అడిగిన పెద్దపెద్ద చిత్రకారులకి చెల్లెలు నోరు విప్పకముందే, "మా చేలో మిరపండీ" అని చెప్పుకొచ్చాడు. తర్వాత అది ఎన్ని ప్రదర్శనలు చేసిందో, ఎంతమందికి చక్రం మీద చెయ్యి పెట్టడం నేర్పిందో ఊరందరికీ తెలుసు. నేను చెప్పే అవసరం లేకపోయినా, నాన్నలాగే నేనూ అందరికీ చెబుతుంటాను.

ఆ కాల్పులో వచ్చిన కప్పొకటి నా దగ్గరుంది. అంచు కొంచెం పెచ్చు లేచింది. బ్యారన్ పడిపోయింది, నాన్న, బాబాయి లేరు, చెల్లెలి జుట్టు బూడిద రంగుకి తిరిగింది. ఆ మంట ఎప్పుడో చల్లారింది గానీ, కప్పు మాత్రం రోజూ పొద్దున్నే నా చేతికి వేడిగానే వస్తోంది.