మార్తమ్మ గుంజిన తాడు

ఉప్పుగూడ బస్తీలో మార్తమ్మను అందరూ "నమ్మదగినమ్మ" అని ఏడిపిస్తారు. కిరసనాయిలు క్యూలో వంతు రాకపోయినా, పిల్లకు జ్వరమొచ్చినా, జీతం ఆగినా, కొంగు నెత్తిమీదికి లాక్కుని "నా దేవుడు నమ్మదగినవాడు" అనడం ఆమె అలవాటు. పొద్దున్నే గౌలిపుర గల్లీలు ఊడుస్తుంది. పోయిన వానాకాలం మురుగు తీయడానికి దిగిన ఇద్దరు కూలీలను ఒక మోరీ మింగింది. అప్పట్నుంచీ మొగుడు జక్కయ్య మోరీలోకి దిగేముందు, అతని నడుముకు కట్టే తాడు మీద చెయ్యివేసి, కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంది.

ఆ రోజు ప్రార్థన సగంలో ఆగింది. అరచేతి కింద తాడు పురులు విడిపోయి మెత్తగా తగిలాయి. "గీ తాడుతోని దిగనియ్య" అంది. పక్కన నిలబడి పని చేయిస్తున్న జమేదారు నవ్వాడు. "ఏంది మార్తమ్మా, నీ యేసు మీద నమ్మకం పోయిందా? ఆయన చూసుకుంటడు, దిగనియ్యి."

"ఆయన మీద మస్తు నమ్మకం ఉన్నది సార్. నీ తాడు మీదనే లేదు."

ఇరవై ఏళ్లలో ఒక్కనాడూ ఎదురు చెప్పని మనిషి. తన నోట్లోంచి వచ్చిన మాటకు తనే బిత్తరపోయింది. "లొల్లెందుకే, నౌకరీ పోతది" అని జక్కయ్య గొణుగుతుంటే, తాడును రెండు చేతులా పట్టి గుంజింది. పుటుక్కున తెగింది.

జమేదారు నవ్వు మొహం మీదే ఆరిపోయింది. జక్కయ్య గట్టు మీద కూలబడ్డాడు. "నిన్న గూడ దీంతోనే దిగిన గదనే!"

తెగిన కొసలు అతనికి చూపిస్తూ మార్తమ్మ అంది: "నిన్న ఆయన పట్టుకున్నడు. ఇయ్యాల నన్ను పట్టుకొమ్మన్నడు."