పై ఊరి డబ్బు

ఆ రూలు రాసింది నేనే. నా దస్తూరీ బాగుంటుందని టోర్నమెంటు కమిటీవాళ్లు రాతకోతలన్నీ నాకు అప్పగించారు. దస్తూరీ గుండ్రంగా ఉంటే రాసినదల్లా న్యాయంగానే కనబడుతుందని అప్పట్లో నాకు తెలియదు.

తొంభైల చివరి మాట. పలాసలో రైలు కట్ట పక్కన మైదానంలో ఏటా వేసవిలో ఫుట్‌బాల్ పోటీలు జరిగేవి. చుట్టుపక్కల ఊళ్ల జట్లు వచ్చేవి. నేను ట్యుటోరియల్‌లో లెక్కలు చెప్పుకునేవాణ్ణి. ఆట రాదు, ఆట పిచ్చి మాత్రం దండిగా ఉండేది.

అంతకు ముందు రెండేళ్లూ కప్పు ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ ఆసామి జట్టుదే. ఆయన బరంపురం వైపు నుంచి నలుగురు ఆటగాళ్లను డబ్బిచ్చి దింపేవాడు. మన కుర్రాళ్లు వాళ్ల ముందు నిలబడలేకపోయేవారు. ఊరంతా గొణిగేది గాని ఆయన ముందు ఎవరూ నోరు మెదిపేవారు కాదు. ఆయనే కమిటీ పెద్ద మరి.

నా కడుపుమంట వేరు. వజ్రపుకొత్తూరు దాటాక సముద్రం ఒడ్డున ఒక పల్లె ఉంది. అక్కడి గోల్‌కీపరు నాతో హైస్కూల్లో ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు. నన్ను బావా అనేవాడు, నేనూ వాణ్ణి బావా అనేవాణ్ణి. ఆ పల్లె కుర్రాళ్లు పోటు తగ్గాక తడి ఇసుకలో వట్టి కాళ్లతో ఆడి పెరిగినవాళ్లు. కాలికి బంతి తగిలితే తుపాకీ పేలినట్టుండేది. అలాంటి జట్టు రెండేళ్లూ ఆ కిరాయి ఆటగాళ్ల చేతిలో ఓడి, తలలు వంచుకుని బస్సెక్కింది. వాళ్లను ఎలాగైనా ఒక్కసారి గెలిపించాలని నా పట్టుదల.

అందుకే కమిటీలో నేను లేచి చెప్పాను. ఏ జట్టయినా తన ఊళ్లో ఉండేవాళ్లు ఇచ్చిన చందాతోనే ఆడాలి, పై ఊరి నుంచి వచ్చిన డబ్బు పైసా కూడా వాడకూడదు, ఆటగాడికి ఆడినందుకు డబ్బివ్వకూడదు. రూలు తప్పిన జట్టును తీసెయ్యాలి. ఆసామి కళ్లజోడు సర్దుకుని, "బావుంది మేస్టారూ, రాసీయండి" అన్నాడు. ఇంత తేలిగ్గా ఒప్పుకున్నాడేమా అని నాకు తోచలేదు. నా న్యాయం నాకు అంత ముద్దొచ్చింది.

ఆ మే నెలలో మా గోల్‌కీపరు గుజరాత్ నుంచి వచ్చాడు. ఆ పల్లెలో సగం మంది మగవాళ్లు అక్కడి వేరావల్ రేవులో బోట్ల మీద పనిచేసేవారు. వానలు వెనకబట్టాక వెళితే మళ్లీ వేసవికే ఇల్లు. వస్తూ వస్తూ ఒక గోనెసంచి నేరుగా నా గదికి మోసుకొచ్చాడు. విప్పితే ఎండుచేపల వాసన. లోపల పదకొండు జతల కొత్త బూట్లు.

"ఎక్కడివి బావా?"

"మా ఊరోళ్లమే కొనుక్కున్నాం. పాలు తీసినాం గదా" అన్నాడు మురిసిపోతూ.

ఒడ్డున వలలో పడిన చేపల్ని పంచుకునేటప్పుడు బోటుకో పాలు, అంటే వాటా, వలకో పాలు, మనిషికో పాలు వేసి, ఊరి కోసం ఒక పాలు పక్కన పెట్టడం వాళ్ల ఆచారం. వేరావల్ వెళ్లినా ఆ ఆచారం వదల్లేదు. వేట నుంచి వచ్చినప్పుడల్లా తలా కొంచెం తీసి ఊరి పేరున దాచేవారట. ఆ ఏడు ఆ పాలుతో బూట్లు కొన్నారు, జీపు మాట్లాడుకున్నారు. ఎప్పుడూ వట్టి కాళ్లతో ఆడినవాడు ఒక బూటు తొడుక్కుని నా గదిలో టకటకా నడిచి చూపించాడు. నేను చప్పట్లు కొట్టాను. నా రూలు నాకే గుర్తు రాలేదు.

పోటీలు మొదలయ్యాక ఆసామి జట్టులో ఆ నలుగురూ మళ్లీ కనబడ్డారు. అడిగితే ఆయన నవ్వాడు. "ఆలిప్పుడు మా ఫ్యాక్టరీలో పనోళ్లు మేస్టారూ. రెండు నెలలై జీడిపిక్కల బస్తాలు మోత్తన్నారు. మా గోడౌను పక్క గదుల్లోనే ఉంతన్నారు. ఆటకి నానేటి ఇవ్వలేదు, జీతమిచ్చినాను." నేను రాసిన కాగితంలో జీతం గురించి ఒక్క ముక్క లేదు.

అయినా సెమీఫైనల్లో ఆ పల్లె వాళ్లు ఆసామి జట్టును ఒక్క గోలుతో ఓడించారు. చివర్లో రెండుసార్లు బంతి గోల్లోకి పోవలసింది. మా వాడు గాల్లోకి లేచి అరచేతులతో ఆపాడు. నేను గొంతు పోయేలా అరిచాను.

ఆ సాయంత్రమే ఆసామి జట్టు నుంచి ఫిర్యాదు వచ్చింది. చేపలు పట్టుకునేవాళ్లకు బూట్లెక్కడివి, జీపెక్కడిదని. కమిటీ నన్ను పిలిచి, "మీ స్నేహితుడే గదా, మీకు తెలీదేటి?" అని అడిగింది. తెలియదంటే అయిపోయేది. వాళ్ల దగ్గర ఏ ఆధారమూ లేదు. కాని అబద్ధం ఆడనివాడినని నాకు పెద్ద పేరు, ఆ పేరంటే నాకు గొప్ప. వేరావల్ నుంచి వచ్చిన డబ్బని చెప్పేశాను. ఆసామి నా కాగితమే తీసి నా చేతే చదివించాడు. పల్లె జట్టును తీసేశారు.

మా వాడు బయట వేపచెట్టు కింద నిలబడి ఉన్నాడు. నేనే వెళ్లి చెప్పాను.

"అది పై డబ్బెలాగవుద్ది బావా? మా ఊరోళ్ల రెక్కల కట్టం గదా."

"అక్కడి నుంచి వచ్చింది కదా. రూలు అందరికీ ఒకటే."

"ఇక్కడ సేపల్లేక ఎల్లినాం గాని సరదాకెల్లినామేటి? బరంపురపోడు ఈ ఊరోడయిపోనాడు, మాం పై ఊరోళ్లమయిపోనాం." ఆగి, మెల్లిగా అడిగాడు. "వేరావల్ సంగతి ఆలకెవలు సెప్పినారు?"

నేను తలదించుకున్నాను. వాడు బూట్లన్నీ గోనెసంచిలో వేసుకుని జీపెక్కాడు. ఫైనల్ ఆసామి జట్టే ఆడింది, గెలిచింది. ఆ రోజు స్కోరు రాసింది కూడా నేనే. సిగ్గులేని బతుకు.

మరుసటి ఏడు ఆ రూలు తీసెయ్యమని కమిటీలో గొడవపడ్డాను. "మీరు రాసిందే గదా, బంగారంలాటి రూలు" అన్నారు. పల్లె జట్టు మళ్లీ రాలేదు. మా వాడు వేసవికి ఇంటికొచ్చినా పలాస వైపు తొంగిచూడలేదు. నేను ఉత్తరం రాశాను, జవాబు లేదు. పరాయి దేశాల్లో పెద్ద పెద్ద క్లబ్బులకు కూడా ఇలాంటి రూలే పెట్టారని, ఎవడి సంపాదనంత వాడే ఖర్చు పెట్టాలని, ఎన్నో ఏళ్ల తరవాత పేపర్లో చదివాను. చదవడానికి న్యాయంగానే ఉంది. ఉన్నవాడి సంపాదన ఎప్పుడూ వాడింట్లోనే ఉంటుంది. లేనివాడే కదా ఊళ్లు పట్టిపోయి తెచ్చుకోవాలి.

ఆ పోటీలు జరిగిన ఏడెనిమిదేళ్లకు బజారులో చేపలమ్మే ఆ పల్లె మనిషి చెప్పింది, వాడికి కిడ్నీలు పోయాయని. ఇంటింటా ఆ జబ్బే ఉన్న మా ఉద్దానంలో ఆ మాటకు ఎవరూ ఉలిక్కిపడరు. ఎవరింట్లో అని మాత్రం అడుగుతారు. రక్తం శుద్ధి చేయించుకోవడానికి వారం వారం విశాఖపట్నం తీసుకెళుతున్నారట. మర్నాడు పొద్దున్నే బయల్దేరాను.

వాడు అరుగు మీద పడుకుని ఉన్నాడు. మొహం ఉబ్బింది, పాదాలు నీరు పట్టాయి. గుమ్మం పక్క మేకుకు ఆనాటి బూట్ల జత వేలాడుతోంది. తాళ్లు కూడా పెద్దగా అరగలేదు. వాడి భార్య నాకు మంచినీళ్లిచ్చి, వేరావల్లో ఉన్న ఊరివాళ్లు పాలు తీసి పంపుతున్నారని, దాంతోనే వైద్యం నడుస్తోందని చెప్పింది. నేను జేబులోంచి కవరు తీసి వాడి పక్కన పెట్టాను.

వాడు కవరు వైపు చూసి, నా వైపు చూసి నవ్వాడు.

"ఏ ఊరి డబ్బు బావా ఇది?"

నేను కవరు ఇంకాస్త దగ్గరికి జరిపాను.

"నువ్వు మా ఊరోడివి కావు గదా. పై ఊరి డబ్బు ముడితే మమ్మల్ని తీసీయరేటి?"

నేను ఏడ్చేశాను. వాడి భార్య ఏమిటో తెలియక ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. వాడు ఉబ్బిన చెయ్యి మెల్లిగా కదిపి, కవరు తలగడ కిందికి తోసుకున్నాడు.

"ఊరుకో బావా. ఎవలడిగినా సెప్పీయకు" అన్నాడు.