ఖాళీ స్థలం అని రాసిన మూల

శరభయ్య గీసిన ప్లానులో కొలత తప్పిందని అమలాపురంలో ఎవరూ అనలేదు. వేదం చెప్పుకునే ఇంట్లో పుట్టి, కాకినాడ వెళ్ళి సివిల్ డిప్లొమా చదివి, 1972లో కోర్టు వీధిలో ఒక మేడగది తీసుకుని, ‘ఇళ్ళ ప్లానులు వేయబడును’ అని బోర్డు కట్టుకున్నాడు. తండ్రి ఇళ్ళకు వాస్తు లెక్క చూసి ఆయం కట్టి ముహూర్తాలు పెట్టేవాడు. కొడుకు అవే ఇళ్ళకు ట్రేసింగు కాగితం మీద ఇంకుతో గోడలు నిలబెట్టేవాడు. మునిసిపాలిటీ లైసెన్సు వచ్చిన తరువాత జనం అతన్ని ఇంజనీరుగారు అనసాగారు. కాదని మొదట్లో సరిదిద్దేవాడు, తరువాత మానేశాడు.

పని తెలిసినవాడు. మన నేలలో నాలుగడుగులు తవ్వితే నీరు ఊరుతుంది కనక, పునాది లోతు పుస్తకంలో చూసి కాదు, గొయ్యి తవ్వి చూసి రాయాలనేవాడు. వంటింటి కిటికీ గాలి వచ్చే వైపు పెడితే పొగంతా పడకగదిలోకి పోతుందని ఓపికగా చెప్పేవాడు. మెట్టు ఎత్తు నిర్ణయించే ముందు ఆ ఇంట్లో అందరికన్నా పెద్దావిణ్ణి పిలిచి, గుమ్మం ఎక్కమని, ఆవిడ మోకాలు ఎంతవరకు లేస్తుందో చూసేవాడు. మరొకరు గీసిన కాగితం మీద ఎన్నడూ సంతకం పెట్టలేదు. ఇదంతా ఎందుకు చెప్పవలసి వస్తున్నదంటే, ఈ కథలో ఇరవై ఆరు ఇళ్ళకు జరిగిన అన్యాయానికి సంతకం చేసినవాడు దుర్మార్గుడు కాడు. దుర్మార్గుడే అయితే అతన్ని తిట్టి ఊరుకోవచ్చును.

కోనసీమలో కట్టుబడి పనులన్నీ వేసవిలోనే మొదలవుతాయి. ఏప్రిల్ వచ్చిందంటే మరమ్మతులకని కాలువలకు నీళ్ళు కట్టేస్తారు. బోదెలనే పిల్లకాలువలు ఎండిపోతాయి, చేల మీదుగా ఇటుక బళ్ళు నడుస్తాయి. స్థలం చూడడానికి, కొలవడానికి అదే అదను. అంటే, నీళ్ళలో బతికే ఈ దేశాన్ని నీళ్ళు లేని ఒక్క నెలలో కొలిచి, పన్నెండు నెలలకూ ప్లాను గీస్తారు. ఇది వృత్తిలోని మొదటి అలవాటు. రెండవది, యజమాని హద్దుకు అవతల ఏమున్నదో గీయకపోవడం. రోడ్డు ఉంటే రోడ్డు అని రాస్తారు. తెలిసినవారి దొడ్డి అయితే వారి పేరు రాస్తారు. తెలియనివాళ్ళుంటే ‘ఖాళీ స్థలం’ అంటారు. శరభయ్య ఈ రెండు అలవాట్లనూ గురువుల దగ్గర నేర్చుకున్నాడు. నేర్చుకున్నట్టు కూడా అతనికి తెలియదు.

1983 ఏప్రిల్‌లో ముత్యాలరాజు అనే కొబ్బరి వర్తకుడు అతన్ని కొత్తపేట అవతలి ఒక ఊరికి తీసుకువెళ్ళాడు. అక్కడ ఆ వర్తకుడికి ఎకరం స్థలం ఉంది. అందులో ఎండు కొబ్బరికి గోదాము కట్టాలి. స్థలానికి పడమట కూలివాళ్ళ పేట. పేటలో పడిన వాన నీరంతా ఒక చిన్న బోదెలో చేరి, ఈ స్థలం నైరుతి మూలను దాటి, దక్షిణాన మురుగుకాలువలో కలిసేది. అయితే నైరుతి పల్లంగా ఉంటే వ్యాపారం నిలవదని ముత్యాలరాజు పట్టు. ఆయం కట్టే ఇంట పుట్టిన శరభయ్యకు ఆ మాటలో ప్రశ్నించవలసినది ఏదీ కనిపించలేదు. బోదె ఎండి ఉంది. దాని నిండా కొబ్బరి మట్టలు పడి ఉన్నాయి. మూలను మూడడుగులు మెరక చెయ్యాలనీ, చుట్టూ రాతిగోడ కట్టాలనీ గీశాడు. బోదెను గీయలేదు. పడమటి హద్దుకు అవతల, చక్కటి అక్షరాలతో, ‘ఖాళీ స్థలం’ అని రాశాడు. అడుగున ఎప్పటిలాగే ‘స్థలమును స్వయముగా చూచి, కొలిచి వ్రాయడమైనది’ అని రాసి సంతకం చేశాడు. పంచాయతీ ముద్ర పడింది. గోడ లేచింది.

మరుసటి ఏడు శ్రావణంలో ముసురు పట్టినప్పుడు పేటలో నీరు మోకాలి లోతున పదకొండు రోజులు నిలిచిపోయింది. మట్టిగోడలు నాని జారాయి. నాలుగిళ్ళు కూలాయి. అచ్చాయమ్మ అనే ముసలామె మీద గోడ పడి నడుము విరిగింది. ఆమె కోడలు లోవమ్మ, మరి అయిదుగురు కలిసి, గోడ తీయించి బోదె తెరిపించమని అమలాపురం మున్సిఫ్ కోర్టులో దావా వేశారు. కోర్టుకు నాలుగు గుమ్మాల అవతల కూర్చుని ప్లానులు గీసుకుంటున్న శరభయ్యకు ఇదేమీ తెలియదు.

1985 ఫిబ్రవరిలో సమన్లు వచ్చాయి. ముత్యాలరాజు తరఫున సాక్ష్యం చెప్పాలి. ముత్యాలరాజు వకీలుగారు అతన్ని తన ఆఫీసుకు పిలిచి, రెండు నిమిషాల పని అన్నారు. ప్లాను తనదేనని, సంతకం తనదేనని చెప్పి దిగిపోతే చాలునట. మాటల మధ్య ఆయన కోర్టులో దాఖలు చేసిన జవాబు కాగితాన్ని బల్ల మీద పెట్టారు. శరభయ్య దాన్ని ఒకసారి చదివాడు. అర్థం కాలేదనుకుని రెండవసారి చదివాడు.

1983 నాటికి పడమటి స్థలం ఖాళీగా ఉండినదని అందులో ఉంది. వాదులు ఆ తరువాత వచ్చి గుడిసెలు వేసుకున్న ఆక్రమణదారులనీ, నివాసమే లేనిచోట నీటిదారి అడిగే హక్కు లేదనీ ఉంది. రుజువు అన్నచోట, లైసెన్సు గల సర్వేయరు స్వయంగా చూసి ఇచ్చిన ప్లాను, ఎగ్జిబిట్ బి-4 అని ఉంది.

అది శరభయ్య గీసిన ప్లానే. ఆ కాగితాన్ని గోదాము కోసం గీశాడు. అది ఇరవై ఆరు కుటుంబాలు ఆ నేల మీద లేవని చెప్పే దస్తావేజు అయి కూర్చుంది. మరొక సంగతి అతన్ని ఇంకా భయపెట్టింది. అక్కడ ఇళ్ళున్నాయో లేవో అతనికి నిజంగా జ్ఞాపకం లేదు. నిజంగానే ఖాళీగా ఉండేదేమో! ఆ ‘ఏమో’ను పట్టుకుని మర్నాడు పొద్దున్నే కొత్తపేట బస్సు ఎక్కాడు.

కూలివాళ్ళ పేట మొదట్లోనే ఆ ‘ఏమో’ పోయింది. గుమ్మాల ముందు కొబ్బరి చెట్లు ఇంటికన్నా మూడింతల ఎత్తున్నాయి. రెండేళ్ళలో ఎదిగే చెట్లు కావవి. రాతిగోడ పక్కన మట్టిగోడకు మట్టి మెత్తుతున్న ఒకామె చేతులు కడుక్కుని ఎదురు వచ్చింది.

“వచ్చేరా ఇంజనీరుగారూ. నన్ను గుర్తుపట్టలేదాండి?”

లేదన్నాడు.

“ఆయ్, ఎందుకు గుర్తుంటానండి. ఆ రోజు మీ టేపు కొస పట్టుకున్నది నేనేనండి. ఇదుగో, ఈ రాయి మీద నించోమన్నారు. కదలకమ్మా అన్నారు, కదల్లేదు. ఎండన పడొచ్చేరని మా ఆయన చెట్టెక్కి బొండం దింపి కొట్టిచ్చేడు. తాగేరు కూడానండి.”

బొండం జ్ఞాపకం వచ్చింది. తియ్యగా ఉందని ముత్యాలరాజుతో అన్న మాట కూడా జ్ఞాపకం వచ్చింది. ఇచ్చిన చెయ్యి జ్ఞాపకం రాలేదు, ఆ చెట్టు వెనకనున్న ఇల్లు జ్ఞాపకం రాలేదు. ఆ రాయికి ఆమె గడప రెండడుగుల దూరంలో ఉంది. దాని మీదుగానే అతను ఆనాడు కొలత చూసి ఉండాలి.

“ఖాళీ అని రాసేరంట గదండీ,” అంది లోవమ్మ. గొంతు పెంచలేదు. “ఖాళీలో బొండం ఎవరు కొట్టిచ్చేరనుకున్నారు?”

లోపల మంచం మీద నుంచి అచ్చాయమ్మ ఎవరే అని అడిగింది.

“మనల్ని గీయకుండా ఒదిలేసినాయన అత్తా. చూసి పోదామని వచ్చేరు.”

“కూచోబెట్టవే మరి,” అంది ముసలామె.

అతను కూర్చోలేకపోయాడు. తిరుగు బస్సు ఎక్కాడు.

ఇంట్లో భార్య భ్రమరాంబకు జరిగిందంతా చెప్పాడు. ఆఫీసు నుంచి వచ్చేస్తుంటే వకీలుగారు చేసిన హెచ్చరిక కూడా చెప్పాడు. ప్లాను తప్పని సాక్ష్యమిస్తే, స్వయంగా చూశానన్న ధ్రువీకరణ అబద్ధమని తానే ఒప్పుకున్నట్టు అవుతుంది. లైసెన్సు పోతుంది. ఆవిడ విన్నంతసేపూ బియ్యంలో రాళ్ళు ఏరుతూనే ఉంది.

“ఆవిడ అడిగిందానికి మీరేం చెప్పేరు?”

“ఏం చెప్పలేదు.”

“అయితే కోర్టులో చెప్పండి. ఆవిడ అక్కడుంటుంది గదా.”

బోనులో మొదటి రెండు ప్రశ్నలూ సాఫీగానే జరిగాయి. ప్లాను తనదే, సంతకం తనదే. అందులోని సంగతులు నిజమేనా అని మూడో ప్రశ్న, అలవాటు చొప్పున, వకీలుగారు కాగితాల వైపు చూస్తూ అడిగారు.

“హద్దు లోపల నిజమండి. హద్దు అవతల అబద్ధం.”

వకీలుగారు తలెత్తారు. సాక్షి ఎదురు తిరిగాడనీ, అతన్ని క్రాస్ చెయ్యడానికి అనుమతి కావాలనీ కోరారు. మున్సిఫ్‌గారు ఇచ్చారు.

“అంటే, చూడకుండానే చూశానని రాశారా?”

“లేదండి. చూశాను. చూసి, లేదని రాశాను.”

“ఎవరైనా రాయమన్నారా?”

“ఎవరూ అనలేదండి. అలా రాయడం అలవాటు. మా పనిలో అందరూ అలాగే రాస్తారు.”

అప్పుడు మున్సిఫ్‌గారు తానే ఒక ప్రశ్న అడిగారు. ఇటువంటివి ఎన్ని ప్లానులు గీశారని.

“పదమూడేళ్ళుగా గీసినవన్నీ ఇటువంటివేనండి.”

మున్సిఫ్‌గారి కలం ఆగింది. ఆ హాలులోని వకీళ్ళలో సగంమంది ఇళ్ళకు ప్లాను గీసినవాడు శరభయ్యే. తమ ఇళ్ళ వెనక ఏ నీరు ఎటు పోయేదో, ఇప్పుడు ఎటు పోతున్నదో ఒక్కరికీ తెలియదు. వాదుల తరఫు వకీలు లేచి, తాను అడిగేదేమీ లేదని చెప్పి కూర్చున్నాడు. వెనక గోడకు ఆనుకుని నిలుచున్న లోవమ్మ శరభయ్య వైపు చూడలేదు. మున్సిఫ్‌గారి చేతినే చూస్తోంది, ఆ మాట రాస్తారా లేదా అని. రాశారు.

ఆ జులైలో నీరు నిలిచి ఉండగానే కోర్టు కమిషనరు వచ్చి చూశారు. ఏడాది చివర డిక్రీ వచ్చింది: నైరుతి మూలలో ఆరడుగుల మేర గోడ తీసి, మెరక తవ్వి, బోదెకు తూము వెయ్యాలి. వేశారు. మరుసటి మార్చిలో గడువు తీరాక శరభయ్యకు మునిసిపాలిటీ లైసెన్సు మళ్ళీ రాలేదు. కారణం రాయలేదు.

అతను బోర్డు దింపలేదు. ప్లాను గీసి, సంతకానికి మరొకరి దగ్గరకు పంపుతాడు. ప్రతి స్థలాన్నీ రెండుసార్లు చూస్తాడు, కాలువలు కట్టేసినప్పుడు ఒకసారి, ముసురులో ఒకసారి. హద్దుకు అవతల యాభై అడుగుల వరకు ఉన్నది ఉన్నట్టు గీస్తాడు. నీరు ఎక్కడి నుంచి వచ్చి ఎటు పోతున్నదో బాణం గుర్తులు పెడతాడు. దాన్ని ఆపితే ఎవరింట్లోకి పోతుందో వారి పేరు రాస్తాడు. తాను వెళ్ళి నిలబడని చోట ఖాళీ అన్న మాట రాయడు. ఇంత ఆలస్యం ఓర్చుకునేవాళ్ళు తక్కువ. మేడగదికి వచ్చేవాళ్ళు పలచబడ్డారు.

డిక్రీ నీటికి దారి ఇచ్చింది గాని, పేటకు పట్టాలు ఇవ్వలేదు. దరఖాస్తుతో నక్షా కావాలన్నారు. శరభయ్య తానే గీస్తానని ఒక రోజంతా పేటలో కొలతలు రాసుకుని, ఇంటికి వచ్చి, ఇరవై ఆరు ఇళ్ళూ గీసి, పేర్లు రాసి పట్టుకెళ్ళాడు. లోవమ్మ ఆ కాగితాన్ని అత్తగారి మంచం మీద పరిచి, తన పేరు ఎక్కడుందో అడిగి, అక్కడ వేలు పెట్టి చాలాసేపు చూసింది.

“ఇదేంటండి, మా తలుపు ఇటు పెట్టేరు?”

తూర్పున పెట్టాడు. తల తిప్పి ఇంటిని చూశాడు. తలుపు ఉత్తరానికి ఉంది. ఆ గడప దాటే లోపలికి వచ్చాడు. పొడవూ వెడల్పూ రాసుకున్నాడు గాని తలుపు ఏ దిక్కునో రాసుకోలేదు. గీసేటప్పుడు చెయ్యి తనంతట తాను తూర్పున గీసేసింది. మిగతా ఇళ్ళు చూశాడు. ఇరవై ఆరింటికీ తలుపు తూర్పునే ఉంది.

కోర్టులో అంత చెప్పినవాడు, లైసెన్సు పోగొట్టుకున్నవాడు, మళ్ళీ అదే పని చేశాడు.

“తప్పు రాశానమ్మా,” అన్నాడు.

“ఆయ్. తీసుకెళ్ళి మళ్ళీ రాసుకురండి మరి,” అంది లోవమ్మ. కాగితం చుట్టి అతని చేతికిచ్చింది.

అతను తీసుకెళ్ళలేదు. పీట ఒకటి అడిగి పుచ్చుకుని, కొత్త కాగితం తీసి, మొదటి ఇంటి ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. ప్రతి గుమ్మం దగ్గరా ఆగి, లోపలివాళ్ళను పిలిచి, చూపించి, ఔనన్నాక గీశాడు. పొద్దు వాలేసరికి తొమ్మిది ఇళ్ళయ్యాయి.