తెల్లగా వదిలిన బురద మేట

మా పిన్నికి ఖాళీ జాగా కనబడితే చెయ్యి ఊరుకోదు. ఇంట్లో బకెట్లన్నీ మొక్కలే. బాబాయి స్నానానికి వెళ్లాలంటే ముందు బకెట్ కోసం ఇల్లంతా వెతుక్కోవాలి. తీర సంరక్షణ ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా మడ చెట్లు నాటించే మేస్త్రీ ఆమె. అక్కడే పటాలు గీసేది నేను. చెట్లున్నచోట ఆకుపచ్చ, నీళ్లున్నచోట నీలం వేస్తాను, మిగతాది తెల్లగా వదిలేస్తాను. తెలుపు కనబడిందంటే పిన్ని మొక్కలతో బయల్దేరినట్టే.

రెండేళ్ల కిందట అలాగే ఏరు సముద్రంలో కలిసేచోట ఉన్న బురద మేట మీద నాలుగు వేల మొక్కలు నాటించింది. దాదాపు అన్నీ బతికాయి. ఆఫీసులో ఆమె పేరు మారుమోగిపోయింది.

ఈ చలికాలం పక్షుల లెక్కకు ఇద్దరం వెళ్లాం. నీళ్లు వెనక్కి తగ్గగానే ఆ మేట మీద ఏటా వందల ఉల్లంకి పిట్టలు వాలి, బురదలో పురుగులు ఏరుకు తినేవి. ఈసారి గుంపు వచ్చింది, రెండు చుట్లు తిరిగింది, వాలకుండానే వెళ్లిపోయింది. మొక్కలు నడుమెత్తు పెరిగాయి మరి. వాటి చాటున డేగ పొంచి ఉంటుందేమోనని పిట్టల భయం. పిన్ని ముఖం చూడలేక లెక్కల పుస్తకంలో సున్నా రాసుకున్నాను. ఆ మేటను తెల్లగా వదిలింది నేనే కదా.

మొక్కలన్నీ పీకేస్తానంది పిన్ని. ఆఫీసులో పెద్దసారు నచ్చజెప్పబోయాడు. పిట్టలు ఇంకో చోటు చూసుకుంటాయట, ఏపుగా పెరిగినవి పీకితే నలుగురూ నవ్వుతారట.

"ఈ చుట్టుపక్కల ఇంకో మేట లేదు సార్, పటం చూడండి," అంది పిన్ని. "నాటింది నేను, పీకేదీ నేనే. నవ్వేవాళ్లని కూడా పంపించండి, మనుషులు చాలట్లేదు."

పదకొండు రోజులు పిన్నీ, కూలీలూ కలిసి పీకారు. మొదటి రోజు పిన్ని ఏడ్చింది, దాచుకోలేదు. ఒక్క మొక్క మాత్రం వేళ్లు తెగకుండా బకెట్లో ఇంటికొచ్చింది. బాబాయి వెళ్లి ఇంకో బకెట్ కొనుక్కొచ్చుకున్నాడు.

పన్నెండో రోజు పిట్టలు వాలాయి. ఆ బురద కాళ్లతోనే పిన్ని నా బల్ల దగ్గరికొచ్చి పటం మీద వేలు పెట్టింది.

"దీనికో రంగు వెయ్యవే. ఇలా ఖాళీగా ఉంచావంటే, రేపు నాలాంటిదే ఇంకొకతి మొక్కలు పట్టుకుని బయల్దేరుతుంది."

బురద రంగు కలిపి మేటంతా నింపాను. ఆరాక, 'పిట్టల మేత జాగా' అని తనే రాసింది.